హాస్టల్ గేటు దాటని పొగ

(ఎస్.ఆర్. శంకరన్ స్మృతికి అంకితంగా వికారాబాద్ జిల్లా నవాబుపేటలో చేసిన ఉపన్యాసానికి పాఠ్యరూపం)

ఫిబ్రవరి 15న, సేవాలాల్ జయంతి నాడు, వికారాబాద్, పరిగి, తాండూరు చుట్టుపక్కల ఏ లంబాడీ (బంజారా) తండాకు పోయినా ముందు రెండు జెండాలు కనబడతాయి. తెల్లది సేవాలాల్ మహరాజ్‌ది, ఎర్రది మేరామ యాడిది. వాటి ముందు పిడకల నిప్పు ఉంటుంది. ఆ నిప్పు మీద నెయ్యి, బెల్లంతో వండిన తీపి కొద్దికొద్దిగా వేస్తూ పెద్దమనిషి తమ భాష గోర్ బోలీలో అర్దాస్, అంటే ప్రార్థన, చెబుతుంటాడు. నెయ్యి పడ్డప్పుడల్లా మంట లేస్తుంది. అది తగ్గగానే తెల్లటి పొగ జనం మీదికి వస్తుంది. చేతులు జోడించి నిలబడ్డవాళ్లెవరూ పక్కకు జరగరు. ఇదే భోగ్. మొత్తం కార్యక్రమాన్ని భోగ్ భండారో అంటారు. దీపావళికి చనిపోయిన పెద్దలను తలచుకుని ఇంట్లో నిప్పుల మీద నెయ్యి వేసేటప్పుడూ ఇదే తీరు. పూజారి, గర్భగుడి, టికెట్టు ఏవీ అక్కర్లేదు. నిప్పు, నెయ్యి, మాట వచ్చిన పెద్దవాడు ఉంటే చాలు.

ఆ పొగలో నిలబడాల్సినవాళ్లలో కొందరు మాత్రం ఆ రోజు తండాలో ఉండరు. వాళ్లు చదువుకుంటున్న పిల్లలు. ఫిబ్రవరి నడిమధ్య అంటే ఇంటర్ వాళ్లకు పరీక్షల హడావుడి, పదో తరగతి వాళ్లకు ప్రత్యేక తరగతులు. హాస్టల్ నుంచి ఇంటికి పంపమని అడిగితే వార్డెన్ ముందు క్యాలెండర్ చూస్తారు, తర్వాత పిల్లవాడి మార్కులు చూస్తారు. రెండూ చూశాక ఏమంటారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఈ సంగతి శంకరన్ పేరు మీద జరిగే సభలో ఎత్తడానికి కారణం ఉంది. 1934లో పుట్టి 2010లో కన్నుమూసిన ఆ ఐఏఎస్ అధికారి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖను నడిపినప్పుడే పేద పిల్లలకు గురుకులం అన్న ఆలోచనకు కాళ్లొచ్చాయి. వెట్టి చాకిరీ నుంచి విడిపించిన కుటుంబాల పిల్లలు మళ్లీ అదే దొర గడీ ముందు నిలబడకూడదంటే వాళ్లకు తిండి, బట్ట, పడక, పంతులు నాలుగూ ఒకేచోట దొరకాలని ఆయన పట్టుపట్టారు. పెళ్లి చేసుకోలేదు, తన జీతంలోంచి పిల్లల చదువులకు ఇచ్చారు, ప్రభుత్వం పద్మభూషణ్ ఇస్తానంటే వద్దన్నారు. వికారాబాద్ దగ్గరి కొత్తగడి గురుకులంలో ఇవాళ బెంచీ మీద కూర్చున్న పిల్లలకు ఆయన పేరు తెలియకపోవచ్చు. ఆ బెంచీ వెనక మాత్రం ఆయన ఉన్నారు. అందుకే ఆయన కట్టించినదాన్ని తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆ ఇంట్లో ఇంకా తెరవని కిటికీ ఒకటి ఉందని చెప్పడమే ఉద్దేశం.

ఆ కిటికీ ఎట్లా ఉంటుందో చూడాలంటే కాసేపు కెనడా దాకా పోవాలి. విన్నిపెగ్, సస్కటూన్, ఎడ్మంటన్ వంటి నగరాల్లో చదువుకునే తెలుగు పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో కొన్ని గదుల తలుపు మీద, ఇక్కడ ఆదివాసీ విద్యార్థులు ధూపం వేసుకోవచ్చు, పొగ వాసన వస్తే కంగారుపడవద్దు అన్న అర్థంలో బోర్డు ఉంటుంది. క్రీ, అనిషినాబే వంటి జాతుల విద్యార్థులు సేజ్ ఆకు, స్వీట్‌గ్రాస్ గడ్డి, సీడర్ చెట్టు ఆకు, పొగాకు ఈ నాలుగింటినీ మందులుగా, పవిత్రమైనవిగా చూస్తారు. చిప్పలోనో మట్టి పాత్రలోనో సేజ్ ఆకు వేసి వెలిగిస్తారు, మంట ఆర్పి పొగ మిగలనిస్తారు. రెండు చేతులతో ఆ పొగను తల మీదికి, కళ్ల మీదికి, చెవుల మీదికి, నోటి మీదికి, గుండె మీదికి తెచ్చుకుంటారు. మంచి చూడాలి, మంచి వినాలి, మంచి మాట్లాడాలి అన్నది భావం. పరీక్షకు ముందు, పట్టా పుచ్చుకునే రోజు, ఇంట్లో ఎవరో పోయిన కబురు వచ్చినప్పుడు ఇట్లా చేసుకుంటారు. ఆదివాసులంటే అందరూ ఒకటే అనుకునే అలవాటు మనకూ ఉంది కాబట్టి ఒక మాట చెప్పుకోవాలి. కెనడాలోని జాతులన్నింటికీ ఈ ఆచారం లేదు. ఉత్తరాన మంచులో బతికే ఇన్యూట్‌ల సంప్రదాయంలో ఇది భాగం కాదు.

ఇంత మామూలు పనికి అక్కడ బోర్డులు, నియమాలు ఎందుకు వచ్చాయి? ఒకప్పుడు దాన్ని బలవంతంగా ఆపారు కాబట్టి. కెనడా ప్రభుత్వం 1884లో ఇండియన్ చట్టాన్ని సవరించి పసిఫిక్ తీరంలోని పోట్లాచ్ వేడుకను నేరం చేసింది. ఆ తర్వాత నిషేధం ఇతర వేడుకలకూ పాకింది. 1951 దాకా అది చట్టపుస్తకంలోంచి పోలేదు. ఆ కాలంలోనే ప్రభుత్వ సొమ్ముతో, చర్చిల నిర్వహణలో రెసిడెన్షియల్ స్కూళ్లు నడిచాయి. సుమారు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలు వాటిలో పెరిగారు. జుట్టు కత్తిరించారు, పేరు మార్చారు, ఇంటి భాష మాట్లాడితే కొట్టారు. వేలమంది పిల్లలు ఆ బడుల్లోనే చనిపోయారు. చివరి బడి మూతపడింది 1990ల చివరలో. 2008 జూన్ 11న ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ బడుల మీద వేసిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో 94 సూచనలతో తన పని ముగించింది. ఏ బడి గదిలో తాతను కొట్టారో అలాంటి గదిలోనే మనవరాలు సేజ్ ఆకు వెలిగిస్తోంది. ఆ పొగకు అక్కడ అంత బరువు రావడానికి మూలం ఇదే.

ఇది ఎక్కడో పరాయి దేశపు పాపం అనుకుని నిట్టూర్చి ఊరుకోవడానికి వీల్లేదు. మన దగ్గర 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరంగా రాసింది. 1911లో దాన్ని మళ్లీ రాసినప్పుడు, జాబితాలోని కులాల పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వృత్తి బడులకో, దిద్దుబాటు బడులకో పంపే అధికారం ప్రభుత్వాలకు దక్కింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను ఉంచి సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు తెలుగు నేల మీదిదే. హాజరు పట్టీ, బడి, ప్రార్థన మూడూ అక్కడి దినచర్యలో కలగలిసి ఉండేవి. లంబాడీలనూ చాలాచోట్ల ఇట్లాంటి అనుమానపు జాబితాల్లోకి ఎక్కించారు. వాళ్లు అంతకు ముందు చేసింది నేరం కాదు, వ్యాపారం. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి సైన్యాలకూ ఊళ్లకూ అందించిన లదేణీ వ్యాపారం. దాన్ని దెబ్బకొట్టినవాటిలో ఈ జిల్లా గుండా పోయే రైలు పట్టా కూడా ఒకటి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వేసిన ఆ లైను మీద తాండూరు, వికారాబాద్ రెండూ స్టేషన్లే. వారాల తరబడి ఎడ్లు నడిచి మోసే బరువును రైలు ఒక్క రోజులో దాటించింది. ఎడ్లు ఆగిన చోట తండాలు వెలిశాయి.

నేరస్థ జాతుల చట్టం 1952లో పోయింది. తెలంగాణలోని లంబాడీలు 1976 చట్ట సవరణతో షెడ్యూల్డ్ తెగల్లోకి వచ్చారు. తాండూరు దాటి కర్ణాటకలో అడుగుపెడితే అదే కుటుంబపు మేనమామ పిల్లలు షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రకు పోతే విముక్త జాతి. ఒకే తాత పేరు మీద నెయ్యి పోసే ముగ్గురు మనవలకు మూడు రకాల సర్టిఫికెట్లు. ఆదివాసులు అన్న మాట లంబాడీలకు వర్తిస్తుందా అని ఆదిలాబాద్ వైపు గోండులు, కోయలు వేసే ప్రశ్న చాలా గట్టిది. అది భూమికీ కొలువులకూ చెందిన తగవు కాబట్టి దాన్ని ఇక్కడ తేల్చబోవడం లేదు. భోగ్ విషయంలో మాత్రం సరిహద్దులు పనిచేయవు. సేవాలాల్ పుట్టింది అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతంలో 1739లో అని సంప్రదాయం, బంజారాల పెద్ద యాత్రాస్థలం మహారాష్ట్రలోని పోహరాదేవి, నిప్పు మీద నెయ్యి పడేది దారిలోని ప్రతి తండాలో.

మరి మన గురుకులం కెనడా బడి లాంటిదా? కాదు. కచ్చితంగా కాదు. అది పిల్లవాణ్ణి ఇంటి నుంచి తెంచడానికి కట్టింది, ఇది పిల్లవాణ్ణి వెట్టి నుంచి తప్పించడానికి కట్టింది. అక్కడ తల్లి ఏడుస్తుంటే పోలీసు వచ్చి తీసుకుపోయాడు, ఇక్కడ తల్లే ప్రవేశ పరీక్ష ఫారం నింపించి సీటు కోసం మొక్కుకుంటుంది. ఇంటి భాష మాట్లాడితే కొట్టమని ఏ జీవోలోనూ లేదు. కానీ నిషేధం ఒక్కటే ఆచారాన్ని చంపదు. తావు లేకపోయినా అది సన్నగిల్లుతుంది. ఐదో తరగతిలో చేరిన అమ్మాయి ఇంటర్ అయ్యేదాకా ఎనిమిదేళ్లు హాస్టల్లో ఉంటే, తీజ్ పండుగకు గోధుమ మొలకలు పెంచే తొమ్మిది రోజులు ఆమె లెక్కలోకి రావు. అర్దాస్ ఎట్లా మొదలవుతుందో ఆమెకు గుర్తుండదు. గోర్ బోలీకి సొంత లిపి లేదు కాబట్టి మరిచిపోయినదాన్ని చదువుకుని తెచ్చుకునే దారి కూడా ఇరుకే.

నిజానికి బడి ప్రపంచానికి పొగ ఏమీ కొత్త కాదు. నవాబుపేట వంటి మండల కేంద్రంలో ఎవరి పొగ వాళ్లకుంది. పీరీల పండుగకు పీరు ముందు ఊదు వేస్తారు, అలావా చుట్టూ హిందూ ముస్లిం పిల్లలు కలిసే ఆడతారు, ఆ బూడిద నొసటికి రాసుకుని బడికి వస్తారు. పోచమ్మకు, ఎల్లమ్మకు మైసాక్షి పొగ లేకుంటే బోనం బోనంలా ఉండదు. బేస్తవారం నాడు ఫకీరు నెమలీక కట్టతో దుకాణాల ముందు ఊదు పొగ విసురుతూ పోతుంటే షావుకారి పేరు ఏ మతానిదైనా చేతిలో చిల్లర పెడతాడు. తలంటుకున్న ఆడపిల్ల జుట్టు సాంబ్రాణి పొగతో ఆరుతుంది. పరీక్షకు బయలుదేరే కొడుకు చుట్టూ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పులో వేసి, ఘాటు రాకపోతే ఎంత దిష్టి తగిలిందో అని అమ్మ మెటికలు విరుస్తుంది. హాల్‌టికెట్ జేబులో ఉందో లేదో చూసేది ఆ తర్వాతే.

ఇన్ని పొగల్లో బడి లోపలికి ఏది వస్తుందన్నదే అసలు ప్రశ్న. సరస్వతీ పూజకు అగరుబత్తి వస్తుంది. కొత్త తరగతి గదికి కొబ్బరికాయ వస్తుంది, దసరాకు కంప్యూటర్ ల్యాబ్‌లో నిమ్మకాయలు, కర్పూరం వస్తాయి. వీటిని ఎవరూ మతం అని పిలవరు, పద్ధతి అంటారు. భోగ్ చేసుకుంటామని పిల్లలు అడిగిన రోజున మాత్రం స్టాఫ్ రూములో ఎవరో ఒకరికి రాజ్యాంగంలోని 28వ అధికరణం గుర్తొస్తుంది.

గుర్తు రావడం మంచిదే, కాకపోతే పూర్తిగా గుర్తు రావాలి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ చేయకూడదని ఆ అధికరణం చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న సంస్థల్లో పిల్లల సమ్మతి, వాళ్లు మైనర్లయితే పెద్దల సమ్మతి లేకుండా మతబోధకూ ఆరాధనకూ హాజరుపరచకూడదని కూడా చెబుతుంది. మరుసటి అధికరణం, అంటే 29, తమదైన భాష, లిపి, సంస్కృతి ఉన్న పౌరులకు వాటిని కాపాడుకునే హక్కు ఇస్తుంది. 1986లో కేరళ పిల్లల కేసులో సుప్రీంకోర్టు ఈ గీత ఎక్కడ గీయాలో చూపింది. జాతీయగీతం పాడుతున్నప్పుడు ముగ్గురు పిల్లలు మర్యాదగా నిలబడ్డారు కానీ తమ మత నమ్మకం వల్ల గొంతు కలపలేదు. బడి వాళ్లను వెళ్లగొట్టింది. తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమన్న తీర్పు రాశారు. బలవంతం చేయవద్దన్నది ఆ తీర్పు సారం. పక్కవాళ్లను పాడవద్దని మాత్రం అది అనలేదు.

సరిగ్గా ఇదే చిక్కు కెనడాలో పొగ మీద వచ్చింది. బ్రిటిష్ కొలంబియాలో పోర్ట్ ఆల్బెర్నీ అనే ఊరి ప్రాథమిక పాఠశాలకు 2015లో నూచానుల్త్ జాతి పెద్దావిడ వచ్చి సేజ్ పొగతో శుద్ధి చేసే తమ ఆచారాన్ని చూపించారు. తన పిల్లల మత స్వేచ్ఛకు భంగం కలిగిందని క్రైస్తవురాలైన ఒక తల్లి కోర్టుకు వెళ్లింది. 2020 జనవరి 8న న్యాయమూర్తి డగ్లస్ థాంప్సన్ ఆ దావా కొట్టేశారు. మరొకరి నమ్మకాన్ని దగ్గర నుంచి చూసి తెలుసుకోవడం వేరు, దాన్ని ఆచరించమని బలవంతపెట్టడం వేరు అన్నదే ఆ తీర్పుకు ఆధారం. 2022లో అప్పీలు కోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. ఆ తల్లిని మూర్ఖురాలిగా చూడనక్కర్లేదు. రేపు ఇక్కడ భోగ్ చేస్తే ఇదే అభ్యంతరం ఒక పాస్టరు నుంచి రావచ్చు, ఒక మౌల్వీ నుంచి రావచ్చు. తండాల్లోనే చర్చికి వెళ్లే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల పిల్లలు దూరంగా కూర్చుంటామంటే కూర్చోనివ్వాలి, హాజరులో గైరుహాజరు పడకూడదు.

ఇక్కడ ఇంకో వాదన మధ్యలో దూరుతుంది. దాన్ని కాస్త గట్టిగానే నెట్టేయాలి. మతం పేరు చెబితే ఒప్పుకోరని, పొగ వల్ల క్రిములు చస్తాయి, అది మన సైన్సు అని కొందరు తోవ మారుస్తారు. 2007లో లక్నోలోని నేషనల్ బొటానికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు హోమ సామగ్రిని మూసిన గదిలో గంటసేపు కాల్చి, గాలిలోని బాక్టీరియా 94 శాతం తగ్గిందని రాశారు. ఆ అంకె సముద్రం దాటింది. అమెరికాలో సేజ్ కట్టలు అమ్మే దుకాణాలవాళ్లు హోమం మాట తీసేసి, సేజ్ పొగ 94 శాతం క్రిములను చంపుతుందని ప్రచారం చేసుకున్నారు. ఆ పరిశోధనలో సేజ్ ఆకే లేదు. హోమం గురించి చెప్పిన అంకెను భోగ్‌కు అతికించడమూ అదే తప్పు. తాతను తలచుకోవడానికి బాక్టీరియా సర్టిఫికెట్ దేనికి?

పైగా పొగ పొగే. ఉబ్బసం ఉన్న పిల్లవాడి ఊపిరితిత్తులకు నెయ్యి పొగ, అగరుబత్తి, దోమల కాయిల్, వంటగది కట్టెల పొగ అన్నీ ఒకటే. ఈ జిల్లావాళ్లకు ఇది కొత్తగా చెప్పే పని లేదు. గాలి మంచిదనే కదా నిజాం కాలంలో అనంతగిరి గుట్టల మీద క్షయ రోగులకు శానటోరియం కట్టారు. కెనడాలో మానిటోబా ప్రభుత్వం బడులకు ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో చాలా లౌకికంగా ఉంటాయి. ఏ గదిలో చేస్తారో ముందే చెప్పాలి, గాలి బయటికి పోయే ఏర్పాటు ఉండాలి, పక్క గదులవాళ్లకు తెలియజేయాలి, పాల్గొనడం ఐచ్ఛికం. ఆచారాన్ని గౌరవించడమంటే ఫైర్ అలారం గురించి కూడా ముందే మాట్లాడుకోవడమని వాళ్లకు అర్థమైంది. మూలికల సంగతి కూడా అంతే. ధూపానికి వాడే గుగ్గులు మొక్క అతిగా గీరడం వల్ల తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉందని ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సమితి జాబితా చెబుతోంది. భోగ్‌కు ఆ బెడద లేదు. పిడకలూ నెయ్యీ బెల్లమూ తండాలో దొరికేవే.

బడి పిల్లవాడి ఇంటివైపు ఒక అడుగు వేస్తే ఏమవుతుందో తెలంగాణ నేల మీదే ఒకసారి కనబడింది. నిజాం ప్రభుత్వం పిలిపించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో ఆదిలాబాద్ ప్రాంతపు మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించారు. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి, గోండు యువకులే పంతుళ్లయ్యారు. ఆ ఏర్పాటుకు లోపాలు లేకపోలేదు. నిజాం కొలువు, ఐరోపా పండితుడు, 1940లో కొమురం భీం చనిపోయాక ప్రభుత్వానికి పట్టుకున్న భయం అన్నీ దాని వెనకున్నాయి. అయినా అక్కడ పిల్లవాడు బడికి రావడానికి తన ఇంటిని గేటు బయట వదిలి రావాల్సిన పని పడలేదు. ఎనభై ఏళ్ల తర్వాత, అంతకంటే ఎంతో డబ్బూ భవనాలూ ఉన్న గురుకులాలకు ఆ ఒక్క విషయంలో మార్లవాయి దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.

ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో చదివే బంజారా విద్యార్థులు సేవాలాల్ జయంతి తామే జరుపుకుంటున్నారు. ఇరవై ఏళ్లు దాటినవాళ్లు, సంఘాలున్నవాళ్లు, అనుమతి పత్రం ఎట్లా రాయాలో తెలిసినవాళ్లు. పన్నెండేళ్ల పిల్లకు ఆ బలం ఉండదు, ఆమె తరఫున అడగాల్సింది పెద్దవాళ్లే. రాష్ట్ర ప్రభుత్వం ఫిబ్రవరి 15ను అధికారికంగా జరుపుతోంది కాబట్టి హెడ్‌మాస్టరుకు అనుమతి భయం అక్కర్లేదు. చిత్రపటానికి పూలదండ వేసి, ఐదు నిమిషాల ప్రసంగం చేసి, ఫొటో పంపడంతో ఆ రోజు ముగించడం చాలాచోట్ల అలవాటైంది. దాని బదులు పక్క తండా నుంచి ఒక నాయక్‌నో, అర్దాస్ వచ్చిన అవ్వనో పిలవవచ్చు. తరగతి గదిలో వద్దు, మైదానంలో గాలి వాలు చూసి నిప్పు రాజేయవచ్చు. రాని పిల్లలను రమ్మనకూడదు, ఉబ్బసం ఉన్నవాళ్లను గాలికి ఎగువన నిలబెట్టాలి, పక్కన రెండు బకెట్ల నీళ్లు ఉంచాలి. లంబాడీ కాని పిల్లలు అడిగే ప్రశ్నలకు ఆ అవ్వనే జవాబు చెప్పనివ్వాలి, టీచరు అనువాదం చేస్తే సరిపోతుంది. పీరీల పండుగకూ, బోనాలకూ ఇదే మర్యాద దక్కాలని పిల్లలు అడిగితే అడగనివ్వాలి.

వీటిలో దేనికీ కొత్త జీవో అవసరం లేదు. హెడ్‌మాస్టర్లకు నిజంగా అడ్డుపడేది చిన్న విషయం. కిలో నెయ్యి, నాలుగు పిడకలు, అవ్వ ఆటో కిరాయి ఏ పద్దు కింద రాయాలో ఆడిట్‌కు జవాబు చెప్పాలి. సాంస్కృతిక కార్యక్రమాల ఖర్చు అని రాసి, అవ్వ చేత రసీదు మీద వేలిముద్ర వేయించుకుంటే ఆ పని అయిపోతుంది.